బీరు తయారీలో చారిత్రక నీటి కూర్పుల పునఃసృష్టి

ఒకప్పుడు ఒక ఊరి బావుల్లో, ఊటల్లో ఉన్న నీటిలోని లవణాల పాళ్ళను తెలుసుకుని, వేరొక చోటి నీటిని శుద్ధి చేసి, అవే లవణాలను అవే పాళ్ళలో కలిపి ఆ ఊరి బీరుకు తగిన నీటిని తయారు చేసుకునే పద్ధతి ఇది. బీరులో బరువు ప్రకారం 90 నుంచి 95 శాతం వరకు నీరే. మిగతా మూడు దినుసులు, అంటే బార్లీ మాల్ట్, హాప్స్, ఈస్ట్, 19వ శతాబ్దానికే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఓడల్లో, రైళ్ళలో తిరిగేవి. నీటిని అలా తరలించడం గిట్టుబాటు కాదు. అందుకే ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్, బొహీమియాలోని పిల్సెన్, జర్మనీలోని మ్యూనిక్, డార్ట్‌మండ్, ఐర్లండులోని డబ్లిన్ వంటి ఊళ్ళు ఒక్కొక్కటి ఒక్కో రకం బీరుకు పేరుపడ్డాయి. ఊరి నీటికీ ఊరి బీరుకూ ఉన్న ఈ సంబంధాన్ని రసాయన శాస్త్రం వివరించగలిగాక, నీటిని అనుకరించడం సాధ్యమైంది.

ఈ పద్ధతి రెండు దశల్లో ఎదిగింది. మొదటిది 19వ శతాబ్దపు ఇంగ్లండులో పెద్ద బ్రూవరీలు మొదలుపెట్టిన పారిశ్రామిక ప్రక్రియ (చూ. బర్టనీకరణ). రెండోది 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో, అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవారు, చిన్న బ్రూవరీలవారు పాత ఊళ్ళ బీర్లను మళ్ళీ చేయాలన్న ఆసక్తితో పెంచిన వాడుక.

అయాన్లు, కొలతలు

నీటి కూర్పును ఆరు అయాన్లతో చెప్పడం ఆనవాయితీ. కాల్షియం, మెగ్నీషియం, సోడియం ధనాయాన్లు. సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బొనేట్ ఋణాయాన్లు. ఇప్పుడు వీటిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తున్నారు. పాత పుస్తకాల్లో వేరే కొలతలు కనిపిస్తాయి. ఇంగ్లిష్ బ్రూవర్లు గ్యాలనుకు ఇన్ని గ్రెయిన్లని లెక్కపెట్టేవారు. గ్యాలనుకు ఒక గ్రెయిన్ అంటే లీటరుకు సుమారు 14.3 మిల్లీగ్రాములు. జర్మన్ కాఠిన్య డిగ్రీ ఒకటి, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 17.8 మిల్లీగ్రాములు.

కొలతల మార్పిడి కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అప్పటి రసాయనవేత్తలు అయాన్లను రాయలేదు, లవణాలను రాశారు: కాల్షియం సల్ఫేట్ ఇంత, మెగ్నీషియం కార్బొనేట్ ఇంత అని. నీటిలో కరిగాక ఏ కాల్షియం ఏ సల్ఫేటుకు జంట అన్న ప్రశ్నకు అర్థం ఉండదు. ఆ జంటలు విశ్లేషకుడు కూర్చినవి. ఇద్దరు విశ్లేషకులు ఒకే నీటికి వేర్వేరు లవణాల జాబితాలు ఇవ్వడం ఇందువల్లే.

కాఠిన్యం రెండు రకాలు. బైకార్బొనేట్లతో వచ్చేది తాత్కాలిక కాఠిన్యం: మరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లటి పొరగా అడుగుకు చేరుతుంది. గీజరు కాయిల్‌కు పట్టే పొర ఇదే. సల్ఫేట్, క్లోరైడ్‌లతో వచ్చేది శాశ్వత కాఠిన్యం, మరిగించినా పోదు. ఈ నీళ్ళల్లో పప్పు ఉడకదు అని ఇళ్ళలో అనుకునే కఠిన జలంలో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. బీరు తయారీలో మాత్రం ఈ రెంటినీ విడదీసి చూడాలి. ఒకటి చేసే పనికి రెండోది నేరుగా ఎదురు పనిచేస్తుంది.

మ్యాష్‌లో నీరు చేసే పని

మాల్ట్‌ను నూకగా పట్టించి 62 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో నానబెట్టే దశను మ్యాష్ అంటారు. మాల్ట్‌లోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చేది ఇక్కడే. చల్లార్చిన నమూనాలో కొలిచినప్పుడు పీహెచ్ 5.2, 5.6ల మధ్య ఉంటే ఎంజైములు బాగా పనిచేస్తాయి. అంతకు మించితే పొట్టులోని వగరు పదార్థాలు దిగుతాయి, రంగు ముదురుతుంది, హాప్స్ చేదు గరుకుగా నాలుకకు తగులుతుంది. పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సన్ ప్రతిపాదించాడు. అంటే ఈ కొలత పుట్టింది కూడా బీరు కంపెనీ నడిపిన ప్రయోగశాలలోనే.

లేత రంగు మాల్ట్‌ను స్వేదన జలంలో నానబెడితే పీహెచ్ 5.7, 5.8 దగ్గర ఆగుతుంది. దాన్ని కిందికి దింపే మార్గాలు రెండు. కాల్షియం మాల్ట్‌లోని ఫాస్ఫేట్లతో కలిసి కరగని పదార్థంగా అడుగుకు చేరి, ఆ క్రమంలో హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. నీరు ఆమ్లత వైపు జరుగుతుంది. మెగ్నీషియం ఇదే పని, ఆవేశం లెక్కన చూస్తే, సగం బలంతో చేస్తుంది. రెండో మార్గం ముదురు మాల్ట్. వేయించిన గింజల్లోనే ఆమ్లత్వం ఉంటుంది. వీటికి ఎదురు పనిచేసేది బైకార్బొనేట్. అది హైడ్రోజన్ అయాన్లను మింగి పీహెచ్‌ను పైకి లాగుతుంది.

ఈ లాగులాటను ఒక్క అంకెలో చెప్పే సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త పౌల్ కోల్బాహ్ 1953లో ఇచ్చాడు. దాన్ని అవశేష క్షారత్వం అంటారు. కాల్షియం కార్బొనేట్ లెక్కన క్షారత్వం తీసుకుని, అందులోంచి కాల్షియం మిల్లీగ్రాములను 1.4తో భాగించగా వచ్చినదాన్నీ, మెగ్నీషియం మిల్లీగ్రాములను 1.7తో భాగించగా వచ్చినదాన్నీ తీసేయాలి. మిగిలింది సున్నాకు దగ్గరగా ఉంటే ఆ నీరు లేత బీరుకు నప్పుతుంది. 150 దాటితే ముదురు మాల్ట్ ఆమ్లత్వం తోడు కావాలి. చారిత్రక నీటి కూర్పుల గురించి తెలియవలసిన సంగతుల్లో ఇది మొదటిది. మిగతావన్నీ దీని మీద ఆధారపడినవే.

కాల్షియానికి వేరే పనులూ ఉన్నాయి. అది ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమును వేడికి చెడిపోకుండా కాపాడుతుంది, ఈస్ట్ గుంపుకట్టి అడుగుకు దిగడానికి తోడ్పడుతుంది, ఆక్సలేట్‌ను మ్యాష్‌లోనే పట్టేసి తర్వాత పీపాల గోడలకు రాతిపొర కట్టకుండా చూస్తుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములైనా ఉండాలని సాధారణంగా చెబుతారు. పిల్సెన్ నీటిలో అందులో ఏడో వంతు కూడా లేదు, అయినా అక్కడ బీరు అవుతూనే ఉంది.

ప్రసిద్ధ పట్టణాల నీటి కూర్పులు

కింది పట్టికలోని అంకెలు ఇప్పుడు బ్రూవర్లు వాడే సంకలనాల నుంచి వచ్చినవి, అయాన్ల ఆవేశాలు సరిపోయేలా సవరించినవి. బావికీ బావికీ తేడా ఉంటుంది కాబట్టి వీటిని ఊరి నీటికి నమూనాలుగా మాత్రమే తీసుకోవాలి. అయాన్లు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి. చివరి గడిలోని అవశేష క్షారత్వం కోల్బాహ్ సూత్రంతో లెక్కకట్టినది.

| పట్టణం | కాల్షియం | మెగ్నీషియం | సోడియం | సల్ఫేట్ | క్లోరైడ్ | బైకార్బొనేట్ | అవశేష క్షారత్వం |
|---|---|---|---|---|---|---|---|
| బర్టన్ | 275 | 40 | 25 | 610 | 35 | 270 | 1 |
| పిల్సెన్ | 7 | 3 | 2 | 5 | 5 | 25 | 14 |
| డార్ట్‌మండ్ | 230 | 15 | 40 | 330 | 130 | 235 | 20 |
| లండన్ | 70 | 6 | 15 | 40 | 38 | 166 | 83 |
| వియన్నా | 75 | 15 | 10 | 60 | 15 | 225 | 122 |
| ఎడిన్‌బరో | 100 | 20 | 55 | 140 | 50 | 285 | 150 |
| డబ్లిన్ | 120 | 4 | 12 | 55 | 19 | 315 | 170 |
| మ్యూనిక్ | 77 | 17 | 4 | 18 | 8 | 295 | 177 |

మొదటి ఆరు గడులు చూస్తే బర్టన్, పిల్సెన్ ఒకదానికొకటి పూర్తి విరుద్ధం. ఒకటి లవణాలతో నిండిన నీరు, ఇంకొకటి వాన నీటికి దగ్గరి నీరు. చివరి గడిలో ఆ రెండూ పక్కపక్కన నిలుస్తాయి. బర్టన్‌లో బైకార్బొనేట్ ఎక్కువే, కానీ దాన్ని రద్దు చేసేంత కాల్షియం ఉంది. పిల్సెన్‌లో రద్దు చేయడానికి బైకార్బొనేటే లేదు. రెండు ఊళ్ళూ లేత రంగు బీరుకే పేరుపడటం వెనక కారణం ఇది. పట్టికను పైనుంచి కిందికి చదివితే బీరు రంగు కూడా స్థూలంగా అదే వరసలో ముదురుతుంది: బర్టన్ పేల్ ఏల్, పిల్సెన్ లాగర్, డార్ట్‌మండ్ ఎక్స్‌పోర్ట్, లండన్ పోర్టర్, వియన్నా రాగిరంగు లాగర్, చివర్లో డబ్లిన్ స్టౌట్, మ్యూనిక్ డుంకెల్. పోర్టర్ కొట్టొచ్చినట్టు వరస తప్పుతుంది. అది వియన్నా లాగర్ కంటే నల్లనిది.

బర్టన్ అపాన్ ట్రెంట్

స్టాఫర్డ్‌షైర్‌లోని ఈ ఊళ్ళో బీరు తయారీ 11వ శతాబ్దంలో స్థాపితమైన క్రైస్తవ మఠంతో ముడిపడి ఉంది. ఊరు ట్రెంట్ నది ఒడ్డునే ఉన్నా బ్రూవర్లు వాడింది నది నీరు కాదు, బావి నీరు. చుట్టుపక్కల ట్రయాసిక్ యుగపు ఎర్ర బంకరాళ్ళలో జిప్సం పొరలున్నాయి. వాటిలోంచి ఊరిన నీరు లోయలోని గులకరాళ్ళ పొరలకు చేరి, అక్కడి బావుల్లోకి వస్తుంది. ఇదే జిప్సం గట్టిపడిన రూపం అలబాస్టర్. మధ్యయుగంలో బర్టన్, నాటింగ్‌హామ్ శిల్పులు ఆ రాతితో చెక్కిన విగ్రహాలు యూరప్ చర్చిలకు వెళ్ళాయి.

18వ శతాబ్దంలో బర్టన్ బీరు ఎక్కువగా బాల్టిక్ సముద్రం మీదుగా రష్యాకు ఎగుమతయ్యేది. అప్పటి బర్టన్ ఏల్ తియ్యగా, ముదురుగా ఉండేది. నెపోలియన్ యుద్ధాలు, ఆ తర్వాత 1822లో రష్యా సుంకాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అదే సమయంలో ఇండియాకు వెళ్ళే లేత రంగు బీరు వ్యాపారం లండన్‌లోని బో బ్రూవరీ యజమాని హాడ్జ్‌సన్ గుప్పిట్లో ఉంది. హాడ్జ్‌సన్‌తో పొసగని ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టరు క్యాంప్‌బెల్ మార్జొరీబ్యాంక్స్, అలాంటి బీరు మీరు చేయగలరా అని బర్టన్‌లోని శామ్యూల్ ఆల్‌సాప్‌ను అడిగాడు. ఆల్‌సాప్ దగ్గరి మాల్ట్ పనివాడు జాబ్ గుడ్‌హెడ్ మొదటి ప్రయత్నం టీపాట్‌లో చేశాడని బర్టన్‌లో చెప్పుకునే కథ. కథ సంగతి ఎలా ఉన్నా ఫలితం రూఢి: బర్టన్ నీటితో చేసిన బీరు లండన్ బీరు కంటే రంగులో లేతగా, చేదులో పొడిగా, చూపుకు తేటగా వచ్చింది. కొన్నేళ్ళకే కలకత్తా, మద్రాసు రేవుల్లో ఆల్‌సాప్, బాస్ పేర్లు ముందుకొచ్చాయి. బాస్ కంపెనీ ఎర్ర త్రికోణం 1876లో బ్రిటన్‌లో నమోదైన మొదటి ట్రేడ్‌మార్క్.

సల్ఫేట్ ఎక్కువైన నీటితో చేసిన బీరు గ్లాసులో పోయగానే అగ్గిపుల్ల గీసినప్పటిలాంటి గంధకపు వాసన ఒక్క క్షణం వస్తుంది. బ్రూవర్లు దీన్ని బర్టన్ స్నాచ్ అంటారు. కొందరికి అది దోషం, ఆ బీరుకు అలవాటుపడినవారికి అసలుదనానికి గుర్తు.

బర్టన్ కంపెనీలు రసాయనవేత్తలను ఉద్యోగాల్లో పెట్టుకోవడంలోనూ ముందున్నాయి. ఆల్‌సాప్ దగ్గర పీటర్ గ్రీస్, బాస్ దగ్గర కార్నీలియస్ ఒ'సల్లివన్, వర్దింగ్టన్ దగ్గర 1866 నుంచి హొరేస్ టాబరర్ బ్రౌన్ పనిచేశారు. బ్రౌన్ బర్టన్ బావుల నీటినీ భూగర్భాన్నీ కూడా పరిశోధించాడు.

బర్టనీకరణ

బర్టన్ పేల్ ఏల్‌తో పోటీపడలేని బయటి కంపెనీలు మొదట చేసింది ఆ ఊరికే వెళ్ళడం. రామ్‌ఫర్డ్‌కు చెందిన ఇండ్ కూప్ 1850లలో, లండన్ కంపెనీలైన చారింగ్టన్, ట్రూమన్, మాన్ క్రాస్‌మన్ 1870లలో బర్టన్‌లో బ్రూవరీలు పెట్టాయి. మాన్ క్రాస్‌మన్ కట్టిన ఆల్బియన్ బ్రూవరీ 1898లో మార్‌స్టన్స్ చేతికి వచ్చింది.

రెండో దారి నీటిని తయారు చేసుకోవడం. రసాయనవేత్త సి. డబ్ల్యు. విన్సెంట్ 1878లో బర్టన్ నీటి లవణాలను వేరే నీటిలో కలిపే పద్ధతిని వివరించాడు. జిప్సం, ఎప్సమ్ సాల్ట్ అందులో ముఖ్యం. ఈ పద్ధతికి బర్టనీకరణ అన్న పేరు స్థిరపడింది. బర్టన్ నుంచి వందల మైళ్ళ దూరంలో ఉన్న బ్రూవరీ కూడా పేల్ ఏల్ చేయగలిగే స్థితి దీనివల్ల వచ్చింది. 19వ శతాబ్దం ముగిసేసరికి ఈ ఊరి నీటికున్న గుత్తాధిపత్యం పోయింది. ఇవాళ బర్టనీకరణ అంటే అచ్చంగా బర్టన్ అంకెలు తేవడం కాదు. చేదు ఎక్కువున్న బీరుకు నీటిలో సల్ఫేట్ పెంచడమని అర్థం.

పిల్సెన్, మ్యూనిక్

1838లో పిల్సెన్ పౌరులు చెడిపోయిన 36 పీపాల బీరును పురపాలక భవనం ముందు పారబోశారు. ఆ కోపంలోంచే పౌరుల బ్రూవరీ పుట్టింది. దానికి బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ 1842 అక్టోబరు 5న మొదటి బీరు కాచాడు. ఇంగ్లిష్ పద్ధతిలో పరోక్ష వేడితో ఆరబెట్టిన లేత మాల్ట్, జాటెట్స్ ప్రాంతపు హాప్స్, బవేరియా ఈస్ట్ వాడాడు. వీటికి తోడు బ్రూవరీ సొంత బావుల్లో ఖనిజాలు దాదాపు లేని నీరు దొరికింది. ఈ నీటిలో హాప్స్ చేదు ఎంత పడినా గరుకుదనం రాదు. ఆ బీరు విజయానికి నీరొక్కటే కారణమని చెప్పే కథనాలు మాల్ట్ పాత్రను తక్కువ చేస్తాయి. పాత పద్ధతిలో పొగకు ఆరిన మాల్ట్‌తో అదే నీరు అలాంటి బీరు ఇచ్చేది కాదు.

మ్యూనిక్ ఆల్ప్స్ పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన సున్నపురాతి గులకల మైదానం మీద ఉంది. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ, దాన్ని రద్దు చేసే కాల్షియం తక్కువ. కాబట్టి అక్కడ సహజంగా కుదిరింది ముదురు డుంకెల్. లేత హెలెస్‌ను ష్పాటెన్ బ్రూవరీ 1894లో విడుదల చేసింది. లేత బీరు కావాలంటే ఇలాంటి నీటిలో సున్నం కలిపి బైకార్బొనేట్‌ను అడుగుకు దింపాలి. ఈ సున్నపు శుద్ధికి అబర్డీన్‌కు చెందిన థామస్ క్లార్క్ 1841లోనే పేటెంట్ తీసుకున్నాడు. జర్మన్ శుద్ధతా సూత్రం, అంటే 1516 బవేరియా ఉత్తర్వు సంప్రదాయంలో వచ్చిన నియమాలు, బయటి ఆమ్లాలను అనుమతించవు. అందుకని అక్కడ పీహెచ్ దింపడానికి లాక్టిక్ ఆమ్లం సహజంగా పుట్టిన పులిసిన మాల్ట్ వాడతారు.

డబ్లిన్, ఇతర పట్టణాలు

డబ్లిన్ స్టౌట్‌కు నీటి కథ తరచు ఇలా చెబుతారు: సున్నపురాతి నీరు క్షారం, దాన్ని వేయించిన గింజలు సరిచేస్తాయి, అందుకే నల్ల బీరు. రసాయనంగా ఇది సరైనదే. కానీ ఊళ్ళో రెండు రకాల నీళ్ళుండేవి. గ్రాండ్ కెనాల్ ద్వారా వచ్చేది ఐర్లండు మధ్య ప్రాంతపు సున్నపురాతి నీరు. విక్లో కొండల నుంచి వచ్చేది గ్రానైట్ మీద పారిన మెత్తని నీరు. 1860లలో వార్ట్రీ జలాశయం పథకంతో అది నగరానికి అందింది. 1759లో సెయింట్ జేమ్సెస్ గేట్ దగ్గర మొదలైన గిన్నెస్ బ్రూవరీ ఇప్పుడు వాడేది విక్లో నీరే. పట్టికలోని డబ్లిన్ వరసతో ఈ నాటి గిన్నెస్‌ను చేయబోయేవారు వేరే ఊరి నీటిని అనుకరిస్తున్నట్టే.

డార్ట్‌మండ్ నీటిలో సల్ఫేట్, క్లోరైడ్ రెండూ ఎక్కువ. దాని ఎక్స్‌పోర్ట్ బీరు పిల్సెన్ కంటే నిండుగా, తక్కువ చేదుగా ఉంటుంది. ఎడిన్‌బరోలో బ్రూవరీలు ఒక బావుల వరస మీదే గుమిగూడాయి. లండన్ పాత బ్రూవరీల్లో కొన్ని థేమ్స్ నుంచి, కొన్ని 1613లో తెరిచిన న్యూ రివర్ కాలువ నుంచి, కొన్ని లోతు బావుల నుంచి నీరు తీసుకున్నాయి. ఈ మూడింటి కూర్పులూ వేరు.

పునఃసృష్టి విధానం

మొదలుపెట్టే నీరు ఎంత ఖాళీగా ఉంటే పని అంత సులువు. రివర్స్ ఆస్మాసిస్ నీరు, స్వేదన జలం ఇందుకు అనువైనవి. మునిసిపల్ నీరైతే ముందు క్లోరిన్, క్లోరమిన్ తీసేయాలి. పొటాషియం మెటాబైసల్ఫైట్ చిటికెడు చాలు. వదిలేస్తే బీరులో ఆసుపత్రి వాసన వస్తుంది.

ఒక గ్రాము లవణం ఒక లీటరు నీటిలో కరిగితే ఎంత అయాన్ చేరుతుందో అదే ఈ లెక్కలకు ఆధారం. జిప్సం 233 మిల్లీగ్రాముల కాల్షియం, 558 సల్ఫేట్ ఇస్తుంది. ఎప్సమ్ సాల్ట్ 99 మెగ్నీషియం, 390 సల్ఫేట్. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 273 కాల్షియం, 482 క్లోరైడ్. మామూలు ఉప్పు 393 సోడియం, 607 క్లోరైడ్. వంట సోడా 274 సోడియం, 726 బైకార్బొనేట్.

పట్టికలోని బర్టన్ నీటిని 20 లీటర్లు చేయాలనుకుందాం. మెగ్నీషియం 40 రావాలంటే ఎప్సమ్ సాల్ట్ 8.1 గ్రాములు వేయాలి. దాంతో సల్ఫేట్ 158 కూడా వచ్చేస్తుంది. సల్ఫేట్‌లో మిగిలిన 452కు జిప్సం 16.2 గ్రాములు. దీంతో కాల్షియం 189 అవుతుంది. ఉప్పు 1.3 గ్రాములు వేస్తే సోడియం 25, క్లోరైడ్ 39. ఇంకా లోటు కాల్షియం 86, బైకార్బొనేట్ 270. ఈ రెండూ సరిగ్గా సుద్ద పొడి 4.4 గ్రాములకు సరిపోతాయి.

చిక్కు ఈ చివరి 4.4 గ్రాముల్లో ఉంది. సుద్ద మామూలు నీటిలో లీటరుకు 15 మిల్లీగ్రాముల లోపే కరుగుతుంది. ఇక్కడ కరగాల్సింది 220. నేల లోపల వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. పాత్రలో అది జరగాలంటే సీసాలో సుద్ద, నీరు పోసి సోడా యంత్రంలా వాయువు ఎక్కించి గంటల తరబడి ఉంచాలి. అంత శ్రమపడి కరిగించిన నీటిని మరిగిస్తే అదే సుద్ద మళ్ళీ అడుగుకు దిగిపోతుంది. మరిగించి వాడే అలవాటున్న బ్రూవరీలో మ్యాష్‌కు చేరింది ఈ బైకార్బొనేట్ పోయిన నీరే. కాబట్టి అనుభవం ఉన్నవారు లేత బీరుకు సుద్ద వేయడమే మానేసి, కాల్షియం దాదాపు 190, సల్ఫేట్ 610తో ఆపుతారు. సల్ఫేట్‌ను కూడా 300 దగ్గర ఆపేవారే ఎక్కువ.

జిప్సం తూకం వేయడం సులువే, కరగడమే ఆలస్యం. దాని గరిష్ఠ కరుగుదల లీటరుకు రెండు గ్రాములకు కాస్త పైన ఉంటుంది. చల్లటి నీటిలో వేస్తే చాలాసేపు తిప్పాలి. కాల్షియం క్లోరైడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలిలోని తేమను లాగి డబ్బాలోనే చెమ్మగిల్లుతుంది. మూత తీసిపెట్టిన డబ్బాలోని పొడి బరువు లెక్కకు రాదు.

అంకెల విశ్వసనీయత

నీరు మొత్తం మీద విద్యుదావేశం లేనిది. కాబట్టి ధనాయాన్ల ఆవేశం, ఋణాయాన్ల ఆవేశం సమానం కావాలి. ఈ ఒక్క పరీక్షతో చాలా జాబితాలు తేలిపోతాయి. ఇంట్లో బీరు కాచేవారి మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన ఒక వియన్నా జాబితాలో కాల్షియం 200, మెగ్నీషియం 60, సోడియం 8, సల్ఫేట్ 125, క్లోరైడ్ 12, బైకార్బొనేట్ 120 ఉన్నాయి. మిల్లీఈక్వివలెంట్లలోకి మారిస్తే ధనాయాన్లు 15.3, ఋణాయాన్లు 4.9. ఇలాంటి నీరు ప్రకృతిలో ఉండదు, లవణాలు కలిపి చేయడానికీ వీలులేదు. బహుశా పాత డిగ్రీలను అయాన్లుగా మార్చేటప్పుడు ఎక్కడో తప్పు జరిగి ఉంటుంది.

వియన్నాకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పేరుతో ప్రసిద్ధమైన లాగర్‌ను ఆంటోన్ డ్రెహెర్ 1841లో తెచ్చింది నగరంలో కాదు, బయట ఉన్న ష్వెహాట్‌లో. పైగా నగరానికి 1873లో ఆల్ప్స్ ఊటల నుంచి కొత్త కాలువ వచ్చింది. ఏ ఏటి, ఏ బావి నీరో చెప్పకుండా వియన్నా నీరు అంటే అర్థం తేలదు.

సగటు నివేదికలది మరో చిక్కు. మునిసిపాలిటీ ఏడాది పొడవునా కలిపి ఇచ్చే సగటులో వేసవి నీరు, వానాకాలపు నీరు కలిసిపోయి ఉంటాయి. కాల్షియం ఒక బావిది, బైకార్బొనేట్ ఇంకో బావిది తీసుకుని ఒకే వరసలో రాసిన పట్టికలూ ఉన్నాయి. జాన్ పామర్, కాలిన్ కమిన్‌స్కీ 2013లో ప్రచురించిన బ్రూవర్ల నీటి మార్గదర్శి, మార్టిన్ బ్రుంగార్డ్ రూపొందించిన బ్రూన్ వాటర్ లెక్కల పత్రం వచ్చాక ఇటువంటి జాబితాలను సరిచూసుకోవడం తేలికైంది. ఇప్పుడు చాలామంది ఊరి పేరు పక్కనపెట్టి, బీరు రంగుకూ చేదుకూ తగ్గ అంకెలు ఎంచుకుంటున్నారు.

రుచి

సల్ఫేట్ హాప్స్ చేదును పొడిగా, పదునుగా చూపుతుంది. క్లోరైడ్ మాల్ట్ తీపినీ నిండుదనాన్నీ పైకి తెస్తుంది. ఈ రెంటి నిష్పత్తిని ఒక్క అంకెగా చెప్పడం వాడుకలో ఉంది కానీ, రెండూ పది మిల్లీగ్రాముల లోపే ఉన్న పిల్సెన్ నీటిలో ఆ నిష్పత్తికి విలువ లేదు. రెండూ మరీ ఎక్కువైతే నీటిరుచి బీరులో దొరికిపోతుంది. సోడియం, సల్ఫేట్ కలిసి పెరిగినా గరుకుదనం వస్తుంది. మెగ్నీషియం నలభై దాటితే చేదు వైపు మొగ్గుతుంది. ఇనుము ఏ చారిత్రక జాబితాలోనూ కోరదగినది కాదు.

జపాన్‌లో సమాంతరం

బియ్యపు మద్యం సాకే తయారీలోనూ ఇదే చర్చ ఉంది. నాడా ప్రాంతంలోని నిషినోమియాలో 1840లో గుర్తించిన మియామిజు నీరు ఖనిజాలు ఎక్కువగా, ఇనుము తక్కువగా ఉన్నది. చుట్టుపక్కల తయారీదారులు ఆ నీటిని కొని తెచ్చుకునేవారు. హిరోషిమా ప్రాంతంలో మియురా సెన్‌జబురో నీటిని మార్చకుండా దారి మార్చాడు. మెత్తని నీటికి తగ్గట్టు పులియబెట్టే పద్ధతిని సవరించి 1898లో ప్రచురించాడు.

భారతదేశం

బర్టన్ పేల్ ఏల్‌ను నిలబెట్టిన గిరాకీ ఇండియాదే అయినా, దాన్ని తాగింది ఎక్కువగా కంపెనీ ఉద్యోగులు, సైనికులు. ఎడ్వర్డ్ డయర్ కసౌలీలో 1850లలో మొదలుపెట్టిన బ్రూవరీ కొండ ఊటల నీటిని ఎంచుకుంది.

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 సల్ఫేట్‌కు 200 మిల్లీగ్రాములను కోరదగిన హద్దుగా, వేరే వనరు లేనప్పుడు 400ను అనుమతించే హద్దుగా పెట్టింది. కాల్షియానికి ఆ హద్దులు 75, 200. ఆ లెక్కన పట్టికలోని బర్టన్ నీరు ఇక్కడ తాగునీటి పరీక్షలో తప్పుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో గ్రానైట్, నైస్ శిలల బోరు నీటిలో బైకార్బొనేట్‌తో కూడిన కాఠిన్యం చాలాచోట్ల ఉంది. నల్గొండ వంటి చోట్ల ఫ్లోరైడ్ సమస్య అదనం. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఇక్కడ ఎక్సైజు చట్టాల ప్రకారం నేరం కాబట్టి ఈ పద్ధతులు లైసెన్సున్న మైక్రోబ్రూవరీలకే పరిమితం. బోరు నీటితోగానీ ట్యాంకరు నీటితోగానీ నడిచే బ్రూవరీకి ఏడాది పొడవునా ఒకే కూర్పు దొరకదు. నీటిని రివర్స్ ఆస్మాసిస్‌తో ఖాళీ చేసి, మళ్ళీ కాల్షియం క్లోరైడ్, జిప్సం కలుపుకోవడమే దీనికి మందు. శుద్ధిలో వృథాగా పోయే నీటి ఖర్చును కూడా అందులో లెక్కవేసుకోవాలి.